మోకాలిలోని మృదులాస్థి

నంద్యాల జిల్లాలోని బండి ఆత్మకూరు ప్రాంతము నల్లమల కొండలకు పడమట నున్నది. అచ్చట వరి విరివిగా పండును. నాట్ల కాలమున స్త్రీలు ఉదయము మొదలు సాయంకాలము వఱకు బురదలో వంగి పనిచేయుదురు. వయసు మీఱిన కొలది పలువురు మోకాళ్లు అరిగినవని బాధపడుదురు. ఆ అరిగిపోవునది యేది?

తొడయెముకయు కాలియెముకయు కలిసెడి చోట వాని కొనలను నునుపైన తెల్లని పొర కప్పియుండును. అదియే మృదులాస్థి. చర్మము తెగినచో మానును. ఎముక విరిగినచో అతుకుకొనును. మృదులాస్థి చెడినచో మరల సరిగా పెరుగదు. అందు రక్తనాళములు లేకుండుట దీనికొక ముఖ్యకారణము. అది మానదను సంగతిని బ్రిటను దేశపు వైద్యుడు విలియం హంటర్ 1743లోనే తెలియజేసెను.

తనంత పెరుగనిదానిని ప్రయోగశాలలో పెంచరాదా? 1994లో స్వీడను వైద్యులు 23 మంది రోగుల మృదులాస్థినుండి కణములను గ్రహించి, పెంచి, మోకాలిలో దెబ్బతిన్న చోట నుంచిన వృత్తాంతమును ప్రకటించిరి. నారుమడిలో పెంచిన నారును పొలమున నాటుట వంటిదే యీ పద్ధతి. 2016లో స్విట్జర్లాండులోని బాసెల్ శాస్త్రజ్ఞులు పదిమంది రోగుల ముక్కులోని కణములతో మృదులాస్థిని పెంచి మోకాలిలో అమర్చిన ఫలితములను వెల్లడించిరి. ఇవి గాయపడిన చిన్నభాగములకు చేసిన చికిత్సలు. కీలంతయు అరిగినవారికి ఇవి యెంతవఱకు ఉపకరించునో వేఱుగా పరీక్షింపవలయును.

పరీక్ష యేల? నొప్పి తగ్గినదని రోగి చెప్పినంత మాత్రమున చికిత్స ఫలించినట్లు కాదు. మోకాలి నొప్పి తనంతనే హెచ్చుచు తగ్గుచు నుండును. చికిత్స జరిగినదను నమ్మకము కూడ ఉపశమనమిచ్చును. 2002లో అమెరికాలోని హ్యూస్టన్ వైద్యులు మోకాలిని లోపల కడిగి శుభ్రపఱచు శస్త్రచికిత్సను 180 మందిపై పరీక్షించిన ఫలితములను ప్రకటించిరి. కొందఱికి నిజముగా చికిత్స చేసిరి. మఱికొందఱికి చర్మమును మాత్రము కోసి కుట్టిరి. అట్లు జరుగవచ్చునని రోగులు ముందే యెఱిగి సమ్మతించిరి. తమకు జరిగినదేదో మాత్రము వారికి తెలియదు. రెండేండ్లు గమనింపగా, నిజమైన చికిత్స పొందినవారికి అధికమైన మేలేమియు కానరాలేదు.

రైతు కొత్త వంగడమును పాతదాని ప్రక్కనే విత్తి, రెండింటి దిగుబడిని పోల్చి చూచును గదా! పొలము తాకట్టుపెట్టి చికిత్సకు పోవువాడును అట్లే విచారింపవలయును. ఎందఱిపై పరీక్షించిరి? ఎవరితో పోల్చిరి? ఎన్నియేండ్లు గమనించిరి? ఈ మూడు ప్రశ్నలను వైద్యుని అడుగుట అవిశ్వాసము కాదు, వివేకము.