విడాకుల పిటిషన్ మీద సంతకం పెట్టేముందు: కొడిమ్యాల బిడ్డకు

హిందూ వివాహ చట్టం ప్రకారం విడాకులకు ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఇద్దరూ ఒప్పుకొని విడిపోవడం ఒకటి. ఎదుటివారి తప్పు చూపించి, దాన్ని రుజువు చేసి, కోర్టు నుంచి డిక్రీ తెచ్చుకోవడం రెండోది. 1955లో చట్టం వచ్చిన నాడు మొదటి దారి అసలు లేదు. క్రూరత్వం, వదిలేసి పోవడం కూడా అప్పట్లో విడిగా బతకడానికి మాత్రమే కారణాలు, విడాకులకు కావు. 1976 సవరణ ఆ రెంటినీ విడాకుల కారణాల్లో చేర్చింది, ఒప్పుదల విడాకులకు 13-బి సెక్షన్ తెచ్చింది.

కొడిమ్యాల, మల్యాల, కోరుట్ల వైపు కాపురం చెడిందంటే ముందు గుర్తొచ్చేది పెద్దమనుషుల పంచాయితీ, బాండ్ పేపరు మీద రాసుకునే ఇడుపు కాయితం. దాని సంగతి ముందే తేల్చుకోవాలి. కుల ఆచారం ప్రకారం జరిగే విడాకులను చట్టంలోని 29(2) సెక్షన్ కాదనదు. కానీ అలాంటి ఆచారం తమ కులంలో అనాదిగా ఉందని, దాని ప్రకారమే విడిపోయామని కోర్టులో రుజువు చేయాలని సుప్రీంకోర్టు 2002లో స్పష్టం చేసింది. రుజువు లేకపోతే ఎంతమంది పెద్దమనుషులు సంతకాలు పెట్టినా ఆ పెళ్లి అలాగే ఉన్నట్టు. ఆ కాయితాన్ని నమ్మి మళ్లీ పెళ్లి చేసుకుంటే అది మొదటి పెళ్లి ఉండగా చేసుకున్న పెళ్లి అవుతుంది. భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద దానికి ఏడేళ్ల దాకా జైలు పడవచ్చు. షెడ్యూల్డ్ తెగలకు ఈ చట్టం వర్తించదు, వారికి వారి ఆచారమే ఆధారం. ముస్లింలకు, క్రైస్తవులకు వేరే చట్టాలున్నాయి.

తప్పు చూపే కారణాలు 13(1) సెక్షన్‌లో ఉన్నాయి. అక్రమ సంబంధం, క్రూరత్వం, వదిలేసి పోవడం, మతం మారడం, నయం కాని తీవ్ర మానసిక వ్యాధి, అంటుకునే సుఖవ్యాధి, సన్యాసం, ఏడేళ్లుగా ఆచూకీ లేకపోవడం. కుష్ఠు కూడా ఒకప్పుడు ఈ జాబితాలో ఉండేది. 2019లో తీసేశారు, ఎప్పుడో తీసేయాల్సిన మాట అది. భార్యకు మాత్రమే ఉన్న కారణాలు కొన్ని 13(2)లో ఉన్నాయి. పదిహేనేళ్లు నిండకముందే పెళ్లి చేసిన పిల్ల, పదిహేను దాటాక, పద్దెనిమిది నిండేలోపు ఆ పెళ్లిని కాదంటే అదీ ఒక కారణమే.

వీటిలో క్రూరత్వం అన్నిటికంటే విశాలమైనది, అన్నిటికంటే ఎక్కువగా అపార్థం అయ్యేదీ అదే. కూరలో ఉప్పు దగ్గర మొదలై అత్తింటి మాటల దాకా పాకే రోజువారీ గొడవలను కోర్టు క్రూరత్వమనదు. కలిసి బతకమని అడగడమే అన్యాయం అనిపించేంత నడవడి ఉండాలి. కొట్టడమే కానక్కర్లేదు, పదిమందిలో శీలం మీద మాట అనడం, నెలల తరబడి అవమానించడం కూడా వస్తాయి. క్రిమినల్ కేసులోలా అణుమాత్రం అనుమానం లేకుండా రుజువు చేయాల్సిన పని లేదని, ఏది నిజం అయ్యుండే అవకాశం ఎక్కువో చూస్తే చాలని సుప్రీంకోర్టు 1975లో దాస్తానే కేసులో చెప్పింది.

వదిలేసి పోవడం అంటే పిటిషన్ వేసే నాటికి వెనక రెండేళ్లు ఎడతెగకుండా, సరైన కారణం లేకుండా, ఎదుటివారి ఇష్టం లేకుండా కాపురాన్ని విడిచిపెట్టడం. తిరిగి రాకూడదనే ఉద్దేశం కూడా ఉండాలి. జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో ఇది తరచు గల్ఫ్‌తో ముడిపడుతుంది. భర్త దుబాయిలో ఉంటూ నెలనెలా పైసలు పంపుతూ, ఫోన్ చేస్తూ ఉంటే అది వదిలేయడం కాదు, బతుకుతెరువు. సెలవు మీద ఊరికొచ్చి కూడా భార్య గడప తొక్కకుండా, రెండేళ్లుగా రూపాయి పంపకుండా, పలకరించకుండా ఉన్నాడంటే ఆ లెక్క వేరు. అలాగే దెబ్బలు తాళలేక తల్లిగారింటికి వచ్చిన ఆడపిల్ల వదిలేసి పోయినట్టు కాదు. ఇంట్లో ఉండలేని స్థితి తెచ్చినవారే కాపురాన్ని వదిలేసినవారని చట్టం చూస్తుంది. ఈ మాట పంచాయితీల్లో చెప్పేవాళ్లు తక్కువ.

అక్రమ సంబంధం 2018 సెప్టెంబరు 27 నుంచి నేరం కాదు, విడాకులకు మాత్రం ఇప్పటికీ కారణమే.

పెళ్లయి ఏడాది తిరగకుండా పిటిషన్ వేయకూడదు. భరించలేని కష్టం ఉంటే కోర్టు అనుమతితో వేయవచ్చు. పెళ్లి జరిగిన చోట, ఎదుటివారు ఉంటున్న చోట, చివరగా కలిసి కాపురం చేసిన చోట వేసుకోవచ్చు. 2003 సవరణ తర్వాత భార్య తానుంటున్న చోటే వేసుకునే వీలు కూడా వచ్చింది. అంటే సిరిసిల్లకు ఇచ్చిన కొడిమ్యాల ఆడపిల్ల తల్లిగారింట్లో ఉంటే సిరిసిల్ల దాకా తిరగక్కర్లేదు, తానుంటున్న ప్రాంతపు కోర్టే చాలు. నోటీసు వెళ్తుంది, ఎదుటివారు కౌంటర్ వేస్తారు, కోర్టు ఒకసారైనా రాజీకి కూర్చోబెడుతుంది. ఆ తర్వాత అసలు పరీక్ష. రాసిందంతా బోనులో నిలబడి చెప్పాలి, ఎదుటి వకీలు క్రాస్‌లో అడిగే ప్రతి ప్రశ్నకూ జవాబివ్వాలి. విచారణ తలుపులు మూసే జరపాలని 22వ సెక్షన్ చెబుతుంది, సిగ్గుపడి నిజం దాచుకోవాల్సిన పని లేదు.

సాక్ష్యం అంటే పెద్దపెద్ద కాగితాలే కానక్కర్లేదు. దెబ్బలు తగిలిన రోజు సర్కారు దవాఖానాలో రాయించుకున్న ఓపీ చిట్టీ, తేదీతో సహా ఫోన్‌లో ఉన్న వాట్సాప్ వాయిస్, పైసలు రావడం ఎప్పుడు ఆగిందో చూపే బ్యాంకు పాస్‌బుక్, పక్కన చాట పెట్టుకుని బీడీలు చుడుతూ ఏడుపు విన్న ఇరుగింటామె, ఇవన్నీ సాక్ష్యాలే. ఫోన్‌లోని సాక్ష్యానికి చట్టప్రకారం ధ్రువపత్రం జతచేయాలి. భార్యాభర్తలు ఒకరికి తెలియకుండా ఒకరు రికార్డు చేసిన మాటలు విడాకుల కేసులో చెల్లుతాయని సుప్రీంకోర్టు 2025 జూలైలో చెప్పింది. అంతమాత్రాన రికార్డుల కోసం కాపురాన్ని పొడిగించడం మంచిది కాదు.

తప్పు రుజువైనా పిటిషన్ పోయే సందర్భాలున్నాయి. 23వ సెక్షన్ ప్రకారం తన తప్పునే ఆసరా చేసుకుని విడాకులు అడగకూడదు. క్షమించి మళ్లీ కాపురం చేసినవారు ఆ పాత తప్పునే చూపించలేరు, మళ్లీ తప్పు జరిగితే మాత్రం పాతది కూడా తిరిగి లెక్కకొస్తుంది. కారణం లేని ఆలస్యమూ అడ్డమే.

విదేశంలో తెచ్చుకున్న డిక్రీని చూసి భయపడేవాళ్లున్నారు. 1975లో తిరుపతిలో పెళ్లయిన ఒక జంటలో భర్త అమెరికాలోని మిస్సోరి కోర్టులో విడాకులు తెచ్చుకుని, 1981లో యాదగిరిగుట్టలో ఇంకో పెళ్లి చేసుకున్నాడు. ఆ డిక్రీ ఇక్కడ చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది. ఏ చట్టం కింద పెళ్లయిందో ఆ చట్టం ఒప్పుకునే కారణం మీదే విడాకులు ఇవ్వాలన్నది ఆ తీర్పులోని ముఖ్యమైన మాట.

డిక్రీ వచ్చాక మారేవి, మారనివి వేరుగా చూసుకోవాలి. అప్పీలుకు 90 రోజుల గడువుంది. అది దాటేదాకా, అప్పీలు పడితే అది తేలేదాకా, ఇద్దరిలో ఎవరూ మళ్లీ పెళ్లి చేసుకోకూడదు. విడాకులు పొందిన స్త్రీకి మాజీ భర్త ఆస్తిలో వితంతువుకు ఉండే వాటా ఉండదు. పిల్లల హక్కు మాత్రం చెక్కుచెదరదు. భర్త సంపాదనలో భార్యకు సగం రావాలనే నియమం మన చట్టంలో లేదు. బంగారం, పసుపు కుంకుమ కింద ఇచ్చినవి స్త్రీధనం, పూర్తిగా ఆమెవే. పెళ్లప్పుడు ఇద్దరికీ కలిపి ఇచ్చిన వస్తువుల మీద 27వ సెక్షన్ కింద ఆదేశం అడగవచ్చు.

మనోవర్తి గురించి తప్పుడు మాటలు ఎక్కువ వినిపిస్తాయి. కేసు నడుస్తుండగా 24, తీర్పుతో 25 సెక్షన్లు ఉన్నాయి. ఇవి భార్యకే కాదు, ఆధారం లేని భర్తకూ వర్తిస్తాయి. భారతీయ నాగరిక సురక్షా సంహిత 144 కింద మళ్లీ పెళ్లి చేసుకోని విడాకుల స్త్రీ కూడా అడగవచ్చు. బీడీలు చుట్టి నాలుగు రూపాయలు సంపాదిస్తున్నంత మాత్రాన ఆ హక్కు పోదు. వదిలేసి పోయిందని భర్తకు విడాకులిచ్చినా, విడాకుల తర్వాత ఆమెకు మనోవర్తి అడిగే హక్కు ఉంటుందని 2000లో సుప్రీంకోర్టు చెప్పింది. 2020 నుంచి ఇద్దరూ ఆస్తి, అప్పుల అఫిడవిట్ వేయడం తప్పనిసరి.

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది రాతలో. భార్య శీలం మీద కౌంటర్‌లో రాసిన అబద్ధపు ఆరోపణే క్రూరత్వమని 2003లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 2013లో ఒక తెలుగు జంట కేసులో, భార్య అత్తింటివారి మీద పెట్టిన అసభ్యమైన అబద్ధపు ఫిర్యాదు మానసిక క్రూరత్వమని భర్తకు విడాకులిచ్చింది, అదే తీర్పులో ఆమెకు 15 లక్షల రూపాయల శాశ్వత మనోవర్తి కూడా ఇప్పించింది. నిజమైన ఒక్క దెబ్బ చాలు, దానికి నాలుగు అబద్ధాలు జోడిస్తే ఆ నిజం కూడా నిలవదు. రుజువు కాక పిటిషన్ కొట్టేస్తే పెళ్లి అలాగే ఉంటుంది, అవే సంగతులతో మళ్లీ వేయడానికి వీలుండదు. పెళ్లి పూర్తిగా చెడిపోయిందన్న ఒక్క కారణం మీద విడాకులిచ్చే అధికారం జగిత్యాల కోర్టుకు లేదు. అది రాజ్యాంగం 142వ అధికరణ కింద సుప్రీంకోర్టుకు మాత్రమే ఉందని 2023 మే 1న రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. మధ్యలో ఇద్దరికీ మనసొప్పితే కేసును ఒప్పుదల విడాకులుగా మార్చుకోవచ్చు, చాలా కాపురాలకు అదే మర్యాదైన ముగింపు.

ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ప్రభుత్వ ఖర్చుతో వకీలును ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టం చెబుతుంది. 15100కు ఫోన్ చేస్తే దారి చూపిస్తారు. బిడ్డా, పిటిషన్ టైపు అయ్యాక మొత్తం తెలుగులో చదివించుకుని విను. జరగనిది ఒక్క ముక్క ఉన్నా కొట్టేయించు, ఆ తర్వాతే సంతకం పెట్టు.