డెబ్బై రెండో వంతు విమానం

జపాన్‌లో షిజువోకా అనే నగరం ఉంది. ప్లాస్టిక్ నమూనాలకు ఆ ఊరు పెట్టింది పేరు. విమానాలు, ఓడలు, కార్లు, ట్యాంకులు వంటి వాటిని చిన్నవిగా చేసి, విడి భాగాలుగా పెట్టెల్లో అమ్మే కంపెనీలు అక్కడ చాలా ఉన్నాయి. 1946లో కలప వ్యాపారంతో మొదలై, చెక్క బొమ్మల మీదుగా ప్లాస్టిక్ నమూనాలకు వచ్చిన టమియా కంపెనీ కూడా అక్కడిదే. మే నెలలో ఆ నగరంలో పెద్ద నమూనాల ప్రదర్శన జరుగుతుంది. కంపెనీలు కొత్త పెట్టెలు చూపిస్తే, సరదా కొద్దీ నమూనాలు కట్టేవాళ్లు తాము కట్టినవాటిని బల్లల మీద పరచి చూపిస్తారు.

ఇలాంటి అభిరుచి ఉన్నవాళ్లు ఏ దేశంలోనైనా సరే, కొత్తగా కొన్న పెట్టెను స్నేహితులకు చూపించకుండా ఉండలేరు. మనమైతే "ఎంతకు కొన్నావు?" అని అడుగుతాం. వాళ్లు ముందుగా అడిగేది "ఎంతలో కొన్నావు?" అని. అంటే ధర కాదు, స్కేలు అన్నమాట. పెట్టె మీద 1/72 అనో, 1/48 అనో, 1/35 అనో ఒక భిన్నం అచ్చు వేసి ఉంటుంది. ఆ భిన్నం చదవడం వస్తే పెట్టె విప్పకముందే లోపలి సంగతి సగం తెలిసిపోతుంది. ఆ చదువు మీ లెక్కల పుస్తకంలో ఉన్నదే.

బొమ్మ వేరు, నమూనా వేరు

మన కొండపల్లి అంబారీ ఏనుగును తీసుకోండి. ఏనుగుకూ, పైన కూర్చున్న మనిషికీ మధ్య ఉండవలసిన నిష్పత్తిని కొలిచి చేయరు. చూడముచ్చటగా ఉండేటట్లు చేస్తారు. అది బొమ్మ. దాని అందం దానిది.

నమూనా సంగతి అలా కాదు. 1/72 అన్నామంటే అసలు వస్తువులో ప్రతి పొడవూ 72తో భాగించాలి. రెక్క పొడవైనా, చక్రం వ్యాసమైనా, పైలట్ ముక్కైనా సరే! ఒక్కదాన్ని వేరే సంఖ్యతో భాగిస్తే ఆకారం చెడుతుంది. మీ అట్లాసులో పటం కింద ఉండే స్కేలు కూడా ఇదే. పటం సమతలం మీద చేసే పనిని నమూనా మూడు దిక్కుల్లోనూ చేస్తుంది.

72 ఎందుకు?

100 అని పెట్టుకుంటే లెక్క సులువు గదా, ఈ 72 ఎక్కడినుంచి వచ్చింది? అంగుళాలు, అడుగులు వాడే బ్రిటన్ నుంచి వచ్చింది. 6 అడుగులంటే 72 అంగుళాలు. కాబట్టి 1/72లో ఆరడుగుల మనిషి సరిగ్గా ఒక అంగుళం ఎత్తు ఉంటాడు. అలాగే 1/48లో ఒక అడుగుకు పావు అంగుళం. చెప్పుకోవడానికి, కొలవడానికి వీలైన సంఖ్యలివి.

1936లో బ్రిటన్‌లో ఫ్రాగ్ కంపెనీ పెంగ్విన్ అనే పేరుతో 1/72 ప్లాస్టిక్ విమానాల పెట్టెలు అమ్మింది. అంతకు ముందు ఆ కంపెనీ ఎగిరే బొమ్మ విమానాలకు ప్రసిద్ధి. కొత్తవి ఎగరవు కాబట్టి, ఎగరని పక్షి పేరు పెట్టారు!

1/35 పుట్టుక మరీ తమాషా. 1960ల తొలి రోజుల్లో టమియా కంపెనీ పాంథర్ అనే జర్మన్ ట్యాంకు నమూనా తయారుచేసింది. అది మోటారుతో నడవాలి. మోటారు, బ్యాటరీలు లోపల పట్టాలంటే ట్యాంకు ఎంత ఉండాలో చూసుకుని కట్టగా, అది సుమారు 35వ వంతు అయింది. తరవాత మిగతా కంపెనీలూ అదే స్కేలు పట్టుకున్నాయి. ఒకే స్కేలులో ఉంటేనే గదా రెండు నమూనాలను పక్కపక్కన పెట్టి పోల్చగలిగేది!

ప్రాణాల మీదికి వచ్చిన పోలిక

పోల్చడం సరదా కోసమే కాదు. 1939 సెప్టెంబరు 6న, రెండో ప్రపంచ యుద్ధం మొదలైన కొద్ది రోజులకే, బ్రిటిష్ స్పిట్‌ఫైర్ విమానాలు తమ దేశానివే అయిన రెండు హరికేన్ విమానాలను శత్రువులవని పొరబడి కూల్చేశాయి. ఒక యువ పైలట్ మరణించాడు. ఆకాశంలో విమానాన్ని చూసి మనదో కాదో క్షణాల్లో చెప్పగలగడం ఎంత అవసరమో ఇలాంటివాటి వల్ల తెలిసింది.

1942లో అమెరికా నౌకాదళం ఈ పనికి ఎవరి సహాయం కోరిందో తెలుసా? మీలాంటి హైస్కూలు విద్యార్థులది! సైనికులకు విమానాలను గుర్తుపట్టడం నేర్పడానికి 5 లక్షల చెక్క నమూనాలు చేసి ఇవ్వమని పాఠశాలలను అడిగింది. అన్నీ 1/72 స్కేలులోనే. వాటికి నల్లరంగు పూసేవారు. వెలుగు నిండిన ఆకాశంలో విమానం మనకు నల్లటి ఆకారంగానే కనిపిస్తుంది గదా!

ఆ నమూనాను 10 మీటర్ల దూరంలో పట్టుకుంటే, అసలు విమానం 720 మీటర్ల దూరంలో ఎంత కనిపిస్తుందో అంతే కనిపిస్తుంది. కంటి దగ్గర ఏర్పడే కోణం రెండింటికీ ఒకటే. సరూప త్రిభుజాల పాఠం గుర్తుకు తెచ్చుకోండి. వస్తువునూ దూరాన్నీ ఒకే సంఖ్యతో భాగిస్తే కోణం మారదు. కాని ఒక కుర్రవాడు రెక్కను పొట్టిగా చెక్కాడనుకోండి. ఆ నమూనాతో నేర్చుకున్న సైనికుడు తప్పు ఆకారమే నేర్చుకుంటాడు. అందుకే భిన్నాన్ని అంత కచ్చితంగా పాటించాలి.

ఒక భిన్నం, మూడు లెక్కలు

ఇప్పుడు అసలు లెక్కలోకి వద్దాం. స్పిట్‌ఫైర్ రెక్కల కొన నుంచి కొనకు దూరం 11.23 మీటర్లు. 72తో భాగిస్తే 15.6 సెంటీమీటర్లు. మీ స్కేలుబద్దకు కాస్త మిగిలినంత. అదే 1/48లో అయితే 23.4 సెంటీమీటర్లు.

మరి బరువు? తొలి రకం స్పిట్‌ఫైర్ పెట్రోలు, పైలట్‌తో సహా సుమారు 2,600 కిలోలు. తరగతిలో ఈ ప్రశ్న వేసినప్పుడల్లా సగం చేతులు టక్కున లేస్తాయి. 72తో భాగించి "36 కిలోలండీ" అంటారు. మీ అరచేతిలో పట్టే విమానం 36 కిలోలుంటుందా? ఆలోచించండి.

పొడవు 72 వంతులు తగ్గింది. వెడల్పూ 72 వంతులు తగ్గింది. అందువల్ల వైశాల్యం 72 × 72, అంటే 5,184 వంతులు తగ్గుతుంది. ఎత్తు కూడా తగ్గింది కాబట్టి ఘనపరిమాణం 72 × 72 × 72, అంటే 3,73,248 వంతులు తగ్గుతుంది. అవే పదార్థాలతో చేస్తే బరువు ఘనపరిమాణాన్ని అనుసరిస్తుంది. 2,600 కిలోలను 3,73,248తో భాగిస్తే సుమారు 7 గ్రాములు! ఇంత పెద్ద యుద్ధవిమానం కొన్ని కాగితాల బరువుకు దిగిపోయింది.

పెట్టెలు కొనేవాళ్లకూ ఈ లెక్క పనికొస్తుంది. 1/48 నమూనా 1/72 కంటే "కాస్త పెద్దది" అనుకుని కొంటారు. పొడవులో ఒకటిన్నర రెట్లే. కాని ఘనపరిమాణంలో 1.5 × 1.5 × 1.5, అంటే మూడు రెట్లకు పైనే. ఇంటికి తెచ్చాక అలమరలో చోటు చాలక అవస్థ పడతారు.

భిన్నం మాట తప్పే చోటు

అచ్చం అసలు దానిలాగే అని పెట్టె మీద రాసినా, ఒక విషయంలో మాత్రం ఏ కంపెనీ కూడా భిన్నాన్ని పాటించలేదు. అది మందం.

స్పిట్‌ఫైర్ ఒంటిమీది లోహపు రేకు మందం ఒక మిల్లీమీటరుకు కొంచెం అటూ ఇటూ. దాన్ని 72తో భాగిస్తే 0.014 మిల్లీమీటర్లు. తలవెంట్రుక కంటే పలచన! అంత పలచని ప్లాస్టిక్ ముట్టుకుంటేనే నలిగిపోతుంది. కాబట్టి సుమారు ఒక మిల్లీమీటరు మందంతో చేస్తారు. దాన్ని తిరగేసి 72తో గుణించండి. అసలు విమానానికి 7 సెంటీమీటర్లకు పైగా మందమున్న గోడ కట్టినట్లయింది! ప్లాస్టిక్ నమూనా 7 గ్రాములకు సరిపోకుండా దానికంటే బరువుగా ఉండటానికి ఇదే ముఖ్య కారణం.

రేకులు కలిసే చోట కనిపించే సన్నని గీతలూ అంతే. నమూనా మీద 0.2 మిల్లీమీటర్ల వెడల్పుతో గాడి వేస్తే, అసలు విమానం మీద అది 14 మిల్లీమీటర్ల కాలువ అవుతుంది. చిటికెన వేలు దూరుతుంది! అందుకే అనుభవం ఉన్నవాళ్లు పెట్టె తెరవగానే ఆ గీతలను వెలుతురుకు పట్టి చూస్తారు. రెక్కల వెనక అంచు మొద్దుగా ఉంటే గరుకు కాగితంతో రుద్ది పలచన చేసుకుంటారు.

అచ్చు కొత్తదా, పెట్టె కొత్తదా?

స్నేహితులు అడిగే రెండో ప్రశ్న ఇది. అర్థం కావాలంటే తయారీ తెలియాలి.

ఈ భాగాలను ఎక్కువగా పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. దాని గింజలను 200 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడిచేసి కరిగించి, రెండు సగాలుగా ఉండే ఉక్కు అచ్చులోకి గట్టి ఒత్తిడితో పంపుతారు. చల్లారాక అచ్చు విప్పితే చట్రానికి అతుక్కుని భాగాలన్నీ వస్తాయి. చెట్టు కొమ్మకు కాయల్లా ఉంటాయి. ఆ చట్రం పుల్లలే ద్రవ ప్లాస్టిక్ ప్రవహించిన దారులు.

చల్లారేటప్పుడు ప్లాస్టిక్ దాదాపు అర శాతం కుంచించుకుపోతుంది. అందుకని అచ్చును ఆ మేరకు పెద్దదిగా చెక్కుతారు. మందంగా ఉన్న చోట లోపలి భాగం ఆలస్యంగా చల్లారి పైపొరను లోనికి లాగుతుంది. అక్కడ చిన్న గుంట పడుతుంది. అచ్చు అరిగిపోతే రెండు సగాల మధ్య సందులోంచి ప్లాస్టిక్ కారి, అంచుల వెంట పలచని పొర ఏర్పడుతుంది.

ఉక్కు అచ్చు చేయించడం చాలా ఖర్చుతో కూడిన పని. అందుకే ఒకే అచ్చును పదుల ఏళ్లు వాడతారు. పాత అచ్చులో తీసిన భాగాలనే కొత్త బొమ్మ ఉన్న పెట్టెలో పెట్టి అమ్మడమూ ఉంది. పై బొమ్మ చూసి మోసపోకూడదు. గుంటలు, కారిన అంచులు చూసి, కొలిచి తెలుసుకోవాలి. కొన్నవాళ్లు ఆ సంగతి నలుగురికీ చెప్పడం వల్ల తరవాత కొనేవాళ్ల డబ్బు మిగులుతుంది.

ఇక అతికించే సిమెంటు. ఇది మన బంక వంటిది కాదు. ఇందులో ఉండే ద్రావణి రెండు అంచుల్లోనూ పాలీస్టైరీన్‌ను కొంచెం కరిగిస్తుంది. ఇటువైపు పొడవాటి అణువులు అటువైపు అణువులతో పెనవేసుకుంటాయి. ద్రావణి ఆవిరైపోగా రెండు భాగాలు ఒకటే ముక్క అవుతాయి. ఆ ఆవిరి పీల్చకూడదు సుమా! కిటికీలు తెరిచి, మంటకు దూరంగా, పెద్దవాళ్ల ఎదుట మాత్రమే చేయాలి.

కొనకుండానే చేయండి

పెట్టె ఖరీదు అందరికీ అందేది కాదు. దానికేం, స్కేలు కొనాల్సిన వస్తువు కాదు గదా! ఒక అట్ట ముక్క మీద 1/72 క్రికెట్ పిచ్ చేయండి. పిచ్ పొడవు 22 గజాలు, అంటే 792 అంగుళాలు. 72తో భాగిస్తే సరిగ్గా 11 అంగుళాలు. వెడల్పు 10 అడుగులు, మీకు 4.2 సెంటీమీటర్లు. 28 అంగుళాల స్టంపులు ఒక సెంటీమీటరుకు రవ్వంత తక్కువ. ఆరడుగుల బ్యాట్స్‌మన్ ఒక అంగుళం. బంతి ఒక మిల్లీమీటరు! ఆవగింజ కూడా ఇక్కడ పెద్ద బంతే అవుతుందేమో, కొలిచి చూడండి. స్టంపులకు ఏ పుల్లలు సరిపోతాయో వెతకండి. అగ్గిపుల్ల ఎందుకు పనికిరాదో మీకే తెలుస్తుంది.

ప్రశ్నలు

1. 1/48 నమూనాలో పైలట్ ఎత్తు 3.75 సెంటీమీటర్లు. అసలు పైలట్ ఎత్తెంత?

2. 1/72 నమూనాను 5 మీటర్ల దూరం నుంచి చూస్తే, అసలు విమానాన్ని ఎంత దూరం నుంచి చూసినట్లు?

3. ఒక ట్యాంకు బరువు 42,875 కిలోలు. అవే పదార్థాలతో, అన్ని మందాలూ సరిగ్గా తగ్గించి 1/35 నమూనా చేస్తే బరువెంత?

జవాబులు: 1) 180 సెంటీమీటర్లు. 2) 360 మీటర్లు. 3) ఒక కిలో.