మళ్లీ రాయాల్సింది ఏ పరీక్ష? హోసూరు ఫార్మసీ విద్యార్థులకు

హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల్లో ప్లస్‌టూ ముగించి బి.ఫార్మసీ చదవాలనుకునే తెలుగు పిల్లలకు ర్యాంకు తగ్గితే ఇంట్లో పెద్దలకు ముందు తట్టే ఆలోచన లాంగ్‌టర్మ్ కోచింగ్. కుప్పం పక్కనే, చదువు చెప్పేది మన భాషలోనే, కాబట్టి ఏపీ ఈఏపీసెట్ ఇంకోసారి రాయిస్తే సరిపోతుందనుకుంటారు. పరీక్ష మళ్లీ రాయడం తప్పేమీ కాదు. కానీ ఆ మార్కులు ఏ సీటుకు చెల్లుతాయో తేల్చుకోకుండా ఏడాది వదులుకోవడం మాత్రం తప్పే.

ముందు సొంత రాష్ట్రం సంగతి చూద్దాం. తమిళనాడు 2006లో చట్టం చేసి వృత్తి కోర్సుల ఉమ్మడి ప్రవేశ పరీక్షను ఎత్తేసింది. ఇక్కడ బి.ఫార్మసీకి నీట్ కూడా అక్కర్లేదు. చెన్నై, మదురై ప్రభుత్వ వైద్య కళాశాలల్లోని సీట్లు సైతం ప్లస్‌టూ మార్కుల మీదే నిండుతాయి. ప్రవేశ పరీక్ష లేకపోతే చదువు నాసిరకం అవుతుందని కొందరి అభ్యంతరం. కానీ అమెరికాలో ఫార్మసీ కళాశాలల కోసం ఏళ్ల తరబడి నడిచిన పీక్యాట్ పరీక్షనే 2024 జనవరిలో ఆపేశారు. అక్కడి కళాశాలలు ఆ పరీక్ష లేకుండానే విద్యార్థులను చేర్చుకుంటున్నాయి.

ఇక ఆంధ్రప్రదేశ్. ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలు, మూడు గంటలు, నెగటివ్ మార్కులు లేవు. సాధన చేసేకొద్దీ మార్కులు పెరిగే పరీక్షే ఇది. అయితే ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో నింపే కన్వీనర్ సీట్లలో 85 శాతం స్థానికులవి. మిగిలిన 15 శాతం కూడా ఎవరికి పడితే వారికి దక్కదు. విద్యార్థి గానీ తల్లిదండ్రుల్లో ఒకరు గానీ ఆ రాష్ట్రంలో పదేళ్లు నివసించి ఉండాలన్నది అందులో ప్రధానమైన షరతు. ఇంట్లో మాట్లాడే భాషను ఎవరూ అడగరు, నివాసాన్నే అడుగుతారు. తరతరాలుగా బాగలూరులోనో బేరికెలోనో ఉంటున్న కుటుంబపు పిల్లలు రెండోసారి రాసి మంచి ర్యాంకు తెచ్చుకున్నా ఆ ర్యాంకుతో కన్వీనర్ సీటు రావడం కష్టం. కుప్పం నుంచి వచ్చి హోసూరులో స్థిరపడ్డవారి లెక్క వేరు, వాళ్లు రాయాల్సిందే. అత్తిబెలె దాటితే కర్ణాటక. అక్కడ సీఈటీలో ప్రభుత్వ కోటా సీటుకు సాధారణంగా అడిగేది ఆ రాష్ట్రంలో ఏడేళ్ల చదువు.

సీటు సంగతెలా ఉన్నా కోచింగ్‌లో నేర్చుకున్నది ఎక్కడికీ పోదు కదా అనవచ్చు. నిజమే, పోదు. కానీ కాలం పోతుంది. ఏడాది ఆగి నాలుగేళ్ల బి.ఫార్మసీ చేస్తే మొత్తం ఐదేళ్లు. రెండేళ్ల డి.ఫార్మసీ చేసి లేటరల్ ఎంట్రీలో బి.ఫార్మసీ రెండో ఏడాదిలో చేరినా ఐదేళ్లే. పైగా ఈ దారిలో 500 గంటల శిక్షణ ఉంటుంది, చేతిలో డిప్లొమా కూడా ఉంటుంది. లేటరల్ సీట్లు తక్కువన్నది, ఫార్మసిస్టుగా నమోదుకు ఎగ్జిట్ పరీక్ష ఉండాలని 2022లో ఫార్మసీ కౌన్సిల్ నిబంధన తెచ్చిందన్నది దాచనక్కర్లేదు. అయినా హోసూరు సిప్‌కాట్‌లో మైక్రో ల్యాబ్స్ వంటి మందుల కంపెనీలున్న చోట, కోచింగ్‌కే ఏడాది పోయిన ఐదేళ్ల కంటే డిప్లొమా ఉన్న ఐదేళ్లే మేలని నా అభిప్రాయం.

పట్టుదలతో మళ్లీ రాయాల్సిన పరీక్ష మరొకటి ఉంది. ఎం.ఫార్మసీకి వెళ్లేవారి జీప్యాట్ అది. 2024 నుంచి వైద్య విజ్ఞాన పరీక్షల జాతీయ బోర్డు దీన్ని నిర్వహిస్తోంది. దీనికి స్థానికతతో పనిలేదు, దేశమంతటికీ ఒకే పరీక్ష. 125 ప్రశ్నలు, 500 మార్కులు; తప్పు జవాబుకు ఒక మార్కు పోతుంది. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. అర్హత సాధించి ఆమోదిత కళాశాలలో చేరినవారికి నెలకు 12,400 రూపాయల ఉపకార వేతనం ఉంది. జాతీయ ఫార్మసీ విద్యాసంస్థలైన నైపర్‌ల ప్రవేశాలకూ ఇదే పునాది. ఇక్కడ పెరిగిన ప్రతి మార్కూ విద్యార్థికి పనికొస్తుంది. రెండోసారి రాసేవారు పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి తిరగేయడం కాదు, మాక్ టెస్టుల్లో పోయిన మార్కులను విడదీసి చూసుకోవాలి. తెలియక పోయినవెన్ని, చదివీ మరిచినవెన్ని, తొందరలో ప్రశ్నను సరిగా చదవక పోయినవెన్ని? మొదటి రకానికి మళ్లీ పాఠం కావాలి, రెండో రకానికి పునశ్చరణ కావాలి. మూడో రకానికి గడియారం పెట్టుకుని చేసే సాధన తప్ప వేరే మందు లేదు.

అమ్మానాన్నలకు ఒక మనవి. లాంగ్‌టర్మ్ ఫీజు కట్టేముందు ఆ రాష్ట్రం ఇచ్చిన ప్రవేశ నోటిఫికేషన్‌లో స్థానికత గురించి రాసిన భాగాన్ని పిల్లలతో కూర్చుని ఒక్కసారి చదవండి.