కంకర బాటయు పల్లె బస్సును

తెలుగు బోధించు పాఠశాల ప్రతి యూరను ఉండదు. హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో గాని, ఒడిశాలోని రాయగడ వైపున గాని, మన పిల్లలలో అనేకులు ఊరి బడిని దాటి దూరము పోవలసినవారే. కూలినాలి చేసికొను ఇండ్లలో సొంత వాహనము అరుదు. బస్సు వచ్చిన దినమున చదువు, రాని దినమున ఇల్లు. వానకాలమున ఆడుపిల్ల నాలుగు దినములు వరుసగా మానినచో, అయిదవ దినమున చదువే మాన్పింతమన్న మాట పుట్టును. కావున బస్సు ఏల రాదో విచారింతము.

రాయి, ఇసుక, బంకమన్ను తగుపాళ్లలో గల గరుసును పరచి, నీరు చల్లి, రోలరుతో అణచినదే గరుసు బాట. బంకమన్ను ఎక్కువైన వానకు బురద. తక్కువైన వేసవికి దుమ్ము, పైగా ఇనుపరేకు మీదివలె అడ్డముగా అలలు. దీని ప్రాణము నడిమి ఎత్తులో నున్నది. మూడు ముప్పావు మీటర్ల వెడల్పు బాటకు అంచులకంటె నడుమ సుమారు ఏడున్నర సెంటీమీటర్ల ఎత్తుండవలెను. ప్రక్కల కాలువలు పూడక యుండవలెను. స్కాట్లండు దేశీయుడగు జాన్ మెకాడము (1756-1836) నొక్కి చెప్పినదియు ఇదియే: బరువును మోయునది అడుగునేల, దానిని పొడిగా ఉంచవలెను. కాలువ లేని బాటపై తారు పోయుట డబ్బును నీటిలో పోయుటయే.

బస్సు వలననే బాట చెడెనని కొందరందురు. 1958-60 నడుమ అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమున జరిపిన పరీక్షలో, ఇరుసు మీది బరువు రెండింతలైనచో రోడ్డునకు కలుగు చేటు సుమారు పదునారింతలగునని తేలినది. అది తారు, కాంక్రీటు రోడ్ల సంగతి. గరుసు బాట గతి ఊహింపవచ్చును. రాతిగనుల లారీలు మితిమించిన బరువుతో తిరుగు చోట నింద మాత్రము బస్సునకు వచ్చుచున్నది!

ఆరు కిలోమీటర్ల బాటను గంటకు పదునైదు కిలోమీటర్ల వేగమున పోయిన బస్సునకు రాకపోకలకు 48 నిమిషములు పట్టును. నలుబది వేగమున 18 నిమిషములే. మిగిలిన అరగంటలో మరియొక ఊరికి పోయి రావచ్చును. టైర్లు, స్ప్రింగుల ఖర్చు వేరు.

2000 డిసెంబరు 25న ప్రారంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మైదానములలో అయిదువందల జనాభా గల పల్లెలకు, కొండ, గిరిజన ప్రాంతములలో రెండువందల యేబది గల పల్లెలకు అన్ని ఋతువులలో నడుచు బాటను ఉద్దేశించినది. 2019లో ఆమోదింపబడిన మూడవ దశ సంతలకు, ఆసుపత్రులకు, ఉన్నత పాఠశాలలకు పోవు బాటలను బాగుచేయుటకు. ఇందు రెండు సంగతులు గమనింపదగినవి. అన్ని ఋతువుల బాట యనగా తారుబాటయే కానక్కరలేదు. వాగులపై తూములు, ప్రక్క కాలువలు ఉన్న గరుసు బాటయు చాలవచ్చును. మరియు, బాట వేసిన కంట్రాక్టరే అయిదేండ్లు దానిని మరమ్మతు చేయవలెను. ఈ గడువు ఎన్నటితో ముగియునో తెలిసికొని యుంచుకొనుడు. గోతులు పడిన పిదప వెదకుటకంటె అది మేలు.

బాట వచ్చినంతనే బస్సు రాదు. తమిళనాట 1997లో మినీబస్సుల పథకము ఏర్పడుటకు కారణము ఇదియే: పెద్ద బస్సులు ముట్టని పల్లెలు మిగిలిపోయినవి. అచట 2021లో సాధారణ టౌను బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము వచ్చినది. కర్ణాటకమున 2023లో శక్తి పథకము వచ్చినది. మంచివే, కాని బస్సు మలుపు కడనే ఆగు ఊరి పిల్లకు ఆ ఉచితము కాగితముపై మాటయే.

కావున అర్జీలు రెండు వ్రాయవలెను. బాటను గూర్చినది గ్రామసభకు. తమిళనాట జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2 తేదీలలో సభలు జరుగును. “రోడ్డు వేయుడు” అని మాత్రమే కాక, ఏ వాగు కడ తూము లేదో, ఏ మలుపున నీరు నిలుచునో వ్రాయుడు. బస్సును గూర్చినది డిపోకు. అందు పిల్లల సంఖ్య, బడి తెరచు వేళ, మూయు వేళ ఉండవలెను. ఆ సంఖ్యను ఊరి వారీగా ప్రధానోపాధ్యాయుని కడ హాజరు పట్టీనుండి తీసికొనవచ్చును.