ఫ్లాష్ వెలిగినను ఛాయాచిత్రము చీకటిగా నుండుటేల?



1967వ సంవత్సరమున నెలకొల్పబడిన ఈసీఐఎల్ సంస్థను తీర్చిదిద్దిన విజ్ఞానవేత్త అయ్యగారి సాంబశివరావుగారి పేరనే మన ఏఎస్ రావు నగర్ వెలసినది. ఎలక్ట్రానిక్ పరికరముల పనికి ప్రసిద్ధిగాంచిన ఈ ప్రాంతమున నివసించు మనము, ప్రతి పెండ్లియందును మెఱయు ఒక చిన్న ఎలక్ట్రానిక్ పరికరమును గూర్చి తెలిసికొనుట యుక్తము. అదియే కెమెరాపై నుండు ఆటోమేటిక్ ఫ్లాష్. పెండ్లి మరల జరుగునది కాదు. ఆనాటి చిత్రమున తాతగారి ముఖము చీకటిలో గలిసిపోయిన యెడల, ఆ నష్టము తీరునది కాదు. కావున కారణములను ముందుగనే యెఱుంగవలెను.

ఫ్లాష్ పనిచేయు విధము: బ్యాటరీనుండి వచ్చు విద్యుత్తు కెపాసిటరునందు నిలువయుండి, మీట నొక్కగనే గాజుగొట్టములోని వాయువు గుండ ఒక్కసారిగా ప్రవహించి వెలుగగును. నేటి కెమెరాలు పెక్కింటిలో అసలు మెఱుపునకు ముందు ఒక చిన్న మెఱుపు వెలువడును. ఎదుటి వస్తువులపై బడి తిరిగివచ్చిన ఆ కాంతిని గొలిచి, అసలు మెఱుపు ఎంత యుండవలెనో యంత్రము నిర్ణయించును.

మొదటి కారణము, తెలుపు: కెమెరా తన యెదుట నున్నదంతయు సగటున బూడిదవన్నె యని యెంచి లెక్క గట్టును. చర్చిలో తెల్ల పట్టుచీర గట్టిన పెండ్లికూతురు నిలిచినపుడు ఆ చీరనుండి కాంతి మిక్కుటముగా తిరిగివచ్చును. వెలుగు చాలినదని యంత్రము భ్రమించి, మెఱుపును తగ్గించివేయును. అందుచే చీర బూడిదవలె, ముఖము నల్లగా పడును. వెనుక అద్దమో, నున్నని పలకల గోడయో యున్నను ఇంతే. దీనికి ఉపాయము, ఫ్లాష్ సవరణను +1కు పెంచుట. దానివలన వెలుగు రెండింతలగును.

రెండవ కారణము, దూరము: దూరము రెండింతలైన కాంతి నాలుగవ వంతగును, మూడింతలైన తొమ్మిదవ వంతే మిగులును. తరగతి చిత్రమున ముందువరుస 2 మీటర్లలో, వెనుకవరుస 4 మీటర్లలో నున్నచో, వెనుకవారికి ముందువారి కాంతిలో నాలుగవ వంతే చేరును. కెమెరాను 2 మీటర్లు వెనుకకు జరిపినచో వెనుకవారికి ముందువారి కాంతిలో సుమారు సగము లభించును. అయితే మొత్తము వెలుగు తగ్గును గావున ఐఎస్‌ఓ సంఖ్యను పెంచవలెను.

ఫ్లాష్ ఎంతదూరము పనిచేయునో తెలుపు సంఖ్యకు గైడ్ నంబరని పేరు. దానిని ఎఫ్ సంఖ్యచే భాగించిన దూరము వచ్చును. గైడ్ నంబరు 40, ఎఫ్ సంఖ్య 8 అయినచో, ఐఎస్‌ఓ 100 వద్ద 5 మీటర్లు. ఐఎస్‌ఓను 400 చేసిన ఆ దూరము రెండింతలగును. చేతిఫోనులోని చిన్న దీపము దగ్గఱివారికి మాత్రమే చాలును.

మూడవ కారణము, తొందర: ఒక చిత్రము తీసిన పిమ్మట కెపాసిటరు మరల నిండుటకు కొన్ని క్షణములు పట్టును. ఉంగరములు మార్చుకొను వేళ వెంటవెంటనే మీట నొక్కినచో రెండవ చిత్రము చీకటియగును. సిద్ధమని తెలుపు చిన్నదీపము వెలుగువఱకు ఆగవలెను. మంచి బ్యాటరీలు దగ్గఱ నుంచుకొనవలెను. దీపమును ఎత్తైన పైకప్పువైపు త్రిప్పినను వెలుగు చాలవఱకు పోవును.

దోషమును గుర్తించుట: చిత్రమంతయు సమముగా మసకబారి తెలుపు బూడిదయైన, తెలుపే కారణము. ముందు వెలుగు, వెనుక చీకటియైన, దూరము. మొదటిది బాగుండి తరువాతిది చెడిన, తొందర. ఒక ప్రక్క నల్లని పట్టీ కనబడినచో షట్టరు వేగము మితిమీఱినదని తెలియవలెను. దానిని 1/125 సెకనునకు తగ్గించుడు. కారణము తెలియని యెడల, 2 మీటర్ల దూరమున, తెలుపు కాని గోడ ముందు ఒకరిని నిలిపి చిత్రము తీయుడు. అదియు చీకటియైనచో బ్యాటరీని, కెమెరా అమరికలను పరీక్షింపుడు.

యంత్రము కాంతిని మాత్రమే కొలుచును; ఎవరి ముఖము మనకు ముఖ్యమో దానికి తెలియదు. ఆ వివేకము చిత్రము తీయువానిదే. కావున వేడుక ముగిసిన పిదప గాక, మొదటి చిత్రము తీయగనే తెరపై ముఖములను పరిశీలింపుడు.

అభ్యాసము: ఐఎస్‌ఓ 100 వద్ద గైడ్ నంబరు 32. ఎఫ్ సంఖ్య 8 అయినచో ఫ్లాష్ ఎంతదూరము పనిచేయును? ఐఎస్‌ఓ 400 చేసిన ఎంత?
జవాబులు: 4 మీటర్లు, 8 మీటర్లు.