వేయి పొరల పిండివంట

నూజివీడు మామిడితోటలకు పేరెన్నికగన్న పట్టణము. వేసవి వచ్చెనా, అచ్చటి యిండ్లలో మాగిన పండ్ల పరిమళము గుప్పుమనుచుండును. ఆ పట్టణమున నొక గృహిణి కలదు. కుట్టుపని వలన వచ్చిన సొమ్ములో కొంత కొంత మిగిల్చి యామె చిన్న ఓవెన్ కొనెను. కేకులు, బిస్కత్తులు చేసి వీధివారికి విక్రయించి, కుమార్తె చదువునకు కొంత సమకూర్పవలెనని యామె సంకల్పము. కేకులు బాగుగనే కుదిరినవి. ఒకనాడు పొరుగింటివారు తమ గృహప్రవేశమునకు మామిడిపండు నింపిన పఫ్‌లు 24 కావలెనని కోరి, కొంత పైకము ముందుగనే యిచ్చిరి. ఆమె యంతవరకు పఫ్ చేసి యెరుగదు. అయినను ఒప్పుకొనెను. గడువు 7 దినములు.

పఫ్ బేకరీలలో అందరును చూచినదే. లోపల కూరయో, గ్రుడ్డో యుండును. పైపొరలు తాకినంతనే పొలుసులుగా రాలును. తినుట యెంత సులభమో చేయుట యంత కష్టము. మైదాను నీటితో తడిపి, వెడల్పుగా నొత్తి, నడుమ వెన్నపలక నుంచి, నాలుగు ప్రక్కల మూసి, మరల పొడవుగా నొత్తి మూడు మడతలు వేయవలెను. ఇట్లొకసారి మడచినచో వెన్న 3 పొరలగును. ఆ ముద్దను ప్రక్కకు త్రిప్పి మరల నొత్తి మడచిన 9 పొరలు, ఆ పిమ్మట 27, 81, 243, ఆరవమారు 729. కాగితముకంటెను పలుచనైన యీ పొరలు ఒకదానిలో నొకటి కలిసిపోరాదు. ఫ్రాన్సు దేశమువారు ఇట్టి పిండితో చేయు నొక భక్ష్యమునకు 'వేయి ఆకులు' అను నర్థమిచ్చు పేరు పెట్టుకొనిరి. తాపేశ్వరపు మడతకాజా తిన్నవారికి పొరల సంగతి క్రొత్త గాదు. కాని కాజా పాకమున మునుగును. పొర కొంచెము కలిసినను పాకము ఆ లోపమును కప్పిపుచ్చును. పఫ్‌నకు అట్టి దాపరికము లేదు.

పొంగుటకు దీనికి సోడాయు నక్కరలేదు, ఈస్టును అక్కరలేదు. వెన్నలో నూటికి సుమారు 80 పాళ్లు కొవ్వు. తక్కినదానిలో అధికభాగము నీరే. తడిపిన పిండిలోను నీరు కలదు. ఓవెన్‌లోని 200 డిగ్రీల వేడిమికి ఆ నీరు ఆవిరియగును. ఆవిరియైన నీటి పరిమాణము సుమారు 1,600 రెట్లు పెరుగును. ఆ యావిరియే పిండిపొరను పైకెత్తును. పొరల నడుమనున్న వెన్న వానిని అంటుకొననీయదు. అంతలో పిండి గట్టిపడి, లేచిన పొర లేచినట్లే నిలిచిపోవును. వెన్న ముందుగనే కరగి పిండిలో నింకినచో లేవవలసిన పొరయే యుండదు.

ఆమె యీ విధానమును సెల్‌ఫోనులో చూచి నేర్చుకొనెను. అందు చూపినది చలిదేశపు వంటిల్లు. మడతకును మడతకును నడుమ పిండిని గదిలో నరగంట యుంచుమని యందు చెప్పిరి. వారి గదిలో వేడిమి 18 డిగ్రీలు. నూజివీడులో నది మే మాసము, వంటింటిలో 38. వెన్న 20 డిగ్రీలు దాటిన మెత్తబడును. 35 వచ్చునప్పటికి పూర్తిగా కరగును.

ఆమె 500 గ్రాముల మైదాకు 400 గ్రాముల వెన్న తీసికొనెను. రెండవ మడతలోనే వెన్న ప్రక్కలనుండి వెలికివచ్చి పీటకు అంటుకొనెను. ఆమె దానిపై పొడిపిండి చల్లి యొత్తుచునే పోయెను. పిమ్మట చిన్నరసముల గుజ్జు పిండి, చక్కెర కలిపి, లోపల నింపి, ఓవెన్‌లో నుంచెను. పది నిముషములకు మాడువాసన వచ్చినది. రసము పొంగి పళ్లెమున మాడిపోయెను. వెన్న వేరుగా మడుగు గట్టెను. 12 పఫ్‌లలో నొకటియు లేవలేదు. అడుగు పచ్చి, అంచులు నలుపు. అంత వెన్నయు వ్యర్థమయ్యె గదా యని యామె కంట నీరు పెట్టుకొనెను. పుచ్చుకొన్న పైకమును తిరిగి యిచ్చివేయ నిశ్చయించుకొనెను.

కజ్జికాయలు చేయుటలో అందె వేసిన చేయి అత్తగారిది. ఆమె యొక పఫ్‌ను విరిచి చూచి, "అమ్మాయీ! కజ్జికాయలో కొబ్బరిని పచ్చిగా పెట్టుదుమా? బెల్లముతో నుడికించి, చల్లార్చి కదా పెట్టుదుము! నీవు నీళ్లను మూటగట్టితివే" అనెను.

ఆమె పఫ్ నెన్నడును చేసినది కాదు. అయినను సరియైన చోటనే వ్రేలు పెట్టెను. మామిడిపండులో నూటికి 80 పాళ్లకు పైగా నీరే. చక్కెర కలిసినచో ఆ నీరు మరింత వెలికి వచ్చును. రసములు పిండుకొని జుఱ్ఱుటకు పుట్టినవి. వానిని నిలువచేయదలచిన వారు ఎండలో పొరపై పొర పోసి తాండ్ర చేయుట యీ నీటిని పోగొట్టుకొనుటకే.

వెన్న సంగతి మాత్రము అత్తగారికిని అంతుపట్టలేదు. కోడలు వీధి చివరి బేకరీవానిని అడిగెను. వేసవిలో వెన్నతో పని జరుగదనియు, ఎక్కువ వేడిమికి గాని కరగని మార్గరీన్ వాడుదుమనియు నతడు చెప్పి, కావలసిన కిలో యిత్తుననెను. అతని మాట తప్పు కాదు; దినమంతయు కొలిమి ప్రక్కన పనిచేయువానికి వేరు దారి లేదు. అయితే వెన్న నోటి వేడిమికే కరగిపోవును. అట్టి మార్గరీన్ అంగిటికి అంటుకొనును. అదియును గాక ఆమె పొరుగువారితో వెన్న యని చెప్పియుండెను. మార్గరీన్ కొనక తిరిగివచ్చెను.

మరునాడు తెల్లవారుజామున 4 గంటలకే లేచెను. మైదా రాత్రియే ఫ్రిజ్‌లో నుంచినది. గ్రానైటు గట్టుపై మంచుగడ్డల పళ్లెమునుంచి చల్లబరచెను. ప్రతి మడతయు అయిదు నిముషములలో ముగించి, పిండిని ఫ్రిజ్‌లో నరగంట యుంచెను. ఈ విరామము వెన్నకే కాక పిండికిని మేలు. సాగి సాగి బిగిసిన పిండి యంతలో సడలును. కరెంటు పోవునేమో యను భయము తప్ప వేరు బాధ లేకపోయెను. ఈ మారు గట్టి కండగల బంగినపల్లిని ఎన్నుకొనెను. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన పండు అది. ముక్కలను చక్కెరతో, నిమ్మరసముతో దగ్గరపడువరకు ఉడికించి, పూర్తిగా చల్లార్చెను. అత్తగారు చెప్పినట్లు అడుగున వేయించిన బొంబాయిరవ్వ చల్లెను. వాడిగల కత్తితో నొక్కక, ఒక్క వేటున నాలుగంగుళముల చదరములు కోసెను. అంచు నలిగిన పొరలు అతుకుకొనిపోవును. పాలు పైన మాత్రమే పూసి, ఆవిరి పోవుటకు గాటు పెట్టెను.

పిమ్మట ఓవెన్ అద్దము ముందు పీట వేసికొని కూర్చుండెను. పది నిముషములకు అంచులు పుస్తకపు పుటలవలె విడివడి లేవసాగెను. 12లో 9 చక్కగా కుదిరినవి. 3 మాత్రము నోరు విచ్చినవి. అత్తగారు విచ్చినదాని నొకటి తిని, "రవ్వ యింకొక చిటికెడు పడవలసినది" అని రెండవదానికై చేయి చాచెను.

కోడలు తన పుస్తకములో 'గదిలో నరగంట' అను మాటను కొట్టివేసి 'ఫ్రిజ్‌లో' అని వ్రాసికొనెను. 12కు 3 విచ్చు లెక్కను 24 పఫ్‌లకు 32 చేయవలెనని నిర్ణయించుకొనెను. గృహప్రవేశమునాడు 5 మాత్రమే విచ్చినవి. బాగుగా కుదిరినవానిలో 24 పొరుగింటికి పోగా, మిగిలిన మూటిని కుమార్తె బడినుండి వచ్చునంతవరకు అత్తగారు మూతపెట్టి కాపాడెను.