గృహమే గురుకులము

జ్ఞానము గ్రంథపఠనముచేతనే లభించునా? నిత్యకృత్యములయందు లభింపదా? ఈ సందేహమునకు మహాభారతము అరణ్యపర్వమునందలి ధర్మవ్యాధోపాఖ్యానము సమాధానము చెప్పుచున్నది. ఆంధ్రమున దీనిని రచించినవాడు ఎఱ్ఱన.

కౌశికుడు వేదాధ్యయనపరుడు. అతడు చెట్టుక్రింద వేదము వల్లించుచుండగా ఒక కొంగ పైనుండి రెట్టవేసెను. కోపముతో చూచినంతనే అది చచ్చి పడెను. పశ్చాత్తాపము కలిగెనేగాని కోపము నశింపలేదు. పిమ్మట భిక్షకేగిన యొక యింట, ఇల్లాలు ఆకలిగొని వచ్చిన భర్తకు ముందుగా వడ్డించి, ఆలస్యముగా భిక్ష తెచ్చెను. కౌశికుడు మండిపడగా, తాను కొంగను కానని ఆమె శాంతముగా పలికెను. అడవిలో జరిగినది ఆమెకెట్లు తెలిసెను? స్వధర్మమును శ్రద్ధతో నడపుటయే ఆమె తపస్సు.

ఆమె సూచనపై అతడు మిథిలకేగెను. అచట మాంసము విక్రయించు ధర్మవ్యాధుడు ధర్మసూక్ష్మములు బోధించి, తన వృద్ధ మాతాపితలను చూపి, వారే తనకు దైవములనెను. కౌశికుడో, తల్లిదండ్రుల అనుమతి లేకయే అధ్యయనమునకై యిల్లు విడిచినవాడు. ఆ శోకముచే వారు అంధులైరి. మరలిపోయి వారిని సేవింపుమని వ్యాధుడు ఉపదేశింపగా కౌశికుడట్లే చేసెను.

యాత్రలు, పారాయణములు ఆవశ్యకములే. కాని భోజనము ఆలస్యమైనపుడు కోపమును నిగ్రహించుట, మంచము పట్టిన తల్లి ఒకేమాట పదిమార్లు అడిగినను విసుగక బదులు చెప్పుట గూడ పాఠములే. దేవాలయమునుండి మరలి యింటి గడప దాటినపుడు, నేర్చినదానికి పరీక్ష ఆరంభమగును. అందు నెగ్గుటయు భగవత్కైంకర్యమే.